యాంప్లిఫయర్‌కు ముప్పు రాని స్పీకర్ వైరును ఎంచుకోవడం ఎలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. ఛానెల్‌కు 100 వాట్ల స్టీరియో యాంప్లిఫయర్ ఒకటి కొత్తగా కొన్నారు. స్పీకర్లు రెండూ 8 ఓంలవి. కుడి స్పీకరుకు 4 మీటర్ల వైరు సరిపోతుంది గాని, ఎడమ స్పీకరుకు గుమ్మం చుట్టూ తిప్పుకొని వెళ్లాలి కనుక 12 మీటర్లు పడుతుంది. నిరుడు మీ పాత యాంప్లిఫయర్ కాలిపోయింది. అది సన్నని వైరు వల్లే కాలిపోయిందనీ, మీటరుకు వందల రూపాయలు పలికే ఆక్సిజన్ రహిత రాగి కేబుల్ వేయకపోతే కొత్తదానికీ అదే గతి పడుతుందనీ దుకాణదారు అన్నారు. మీ బావగారేమో ఇంటి కరెంటు వైరు చాలన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తెలియక అడిగారు.

మీ బావగారి మాటే నిజానికి దగ్గరగా ఉంది. అయితే ఆయన చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటి ఉంది. యాంప్లిఫయర్ క్షేమం వైరు మందంలో కన్నా వైరు కొనల్లో, అంటే మీరు తొడుగు వలిచి యాంప్లిఫయర్ వెనుక ఉండే టెర్మినల్ పోస్టుకు బిగించే ఆ అర అంగుళంలో ఎక్కువగా ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా రాజమహేంద్రవరంలో యాంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. వైరు కారణంగా పాడై నా బల్ల మీదికి వచ్చిన వాటిలో వైరు సన్నదైనందువల్ల కాలిపోయినది ఒక్కటీ నాకు గుర్తు లేదు. షార్టు అయి కాలిపోయినవి మాత్రం లెక్కపెట్టలేనన్ని వచ్చాయి.

సన్నని వైరు యాంప్లిఫయర్‌ను ఎందుకు కాల్చదో ముందు చూద్దాం. యాంప్లిఫయర్‌కు కష్టం కలిగేది దాని నుంచి ఎక్కువ కరెంటు లాగినప్పుడు. సన్నని వైరుకు నిరోధం ఎక్కువ కనుక, 8 ఓంల స్పీకరుకు ముందు మరో అర ఓమో ఒక ఓమో చేరుతుంది. అప్పుడు యాంప్లిఫయర్‌కు కనిపించే భారం 9 ఓంలు. అంటే అది లాగే కరెంటు తగ్గుతుందే తప్ప పెరగదు. ఇక వైరు సంగతి. 8 ఓంల స్పీకరులోకి 100 వాట్లు పోతున్నప్పుడు పారే కరెంటు మూడున్నర ఆంపియర్లు, వోల్టేజి సుమారు 28 వోల్టులు. అది కూడా టెస్ట్ టోన్, అంటే పరీక్షకు వాడే ఒకే స్వరం, ఆపకుండా వాయించినప్పుడే. ఇంట్లో పాటలు వినేటప్పుడు సగటున స్పీకరులోకి పోయేది కొద్ది వాట్లే. మన బజారులో దొరికే అతి సన్నని స్పీకర్ వైరు కూడా ఆ కరెంటుకు గోరువెచ్చగా అయితే అవుతుందేమో గాని, ఇంటిలో వినికిడికి కాలిపోదు.

సన్నని వైరుతో నష్టం లేదని దీని అర్థం కాదు. ఆ నష్టం వినికిడిలో కనిపిస్తుంది. ఎరుపు నలుపు రంగుల్లో అంటుకొని వచ్చే జంట వైరు మీకు తెలిసే ఉంటుంది. దాని మీద 14/36 అని ఉంటే, ఒక్కో తీగలో బ్రిటిష్ కొలత ప్రకారం 36 గేజి (తీగ మందం చెప్పే అంకె) పోగులు 14 ఉన్నాయని అర్థం. ఆ గేజి పోగు మందం 0.19 మిల్లీమీటర్లు కనుక మొత్తం రాగి 0.4 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. మీ 12 మీటర్ల దూరానికి, పోను రాను కలిపి 24 మీటర్ల రాగికి, నిరోధం సరిగ్గా ఒక ఓము దగ్గర తేలుతుంది. 8 ఓంల స్పీకరుకు అందవలసిన శక్తిలో అయిదో వంతు తగ్గిపోతుంది. అది చెవికి అంతగా తెలియకపోవచ్చు, ఎందుకంటే మొత్తంగా తగ్గేది ఒక డెసిబెల్ మాత్రమే. అసలు ఇబ్బంది మరో చోట ఉంది. 8 ఓంల స్పీకరు అన్ని స్వరాలకూ 8 ఓంలు కాదు. ఒక చోట 5 ఓంలకు దిగి, బేస్ దగ్గర 30 ఓంల దాకా ఎగబాకే స్పీకర్లు మామూలే. మధ్యలో ఈ ఒక ఓము అడ్డుపడితే, 5 ఓంల చోట ఒకటిన్నర డెసిబెల్ తగ్గి, 30 ఓంల చోట తగ్గీ తగ్గనట్టు ఉంటుంది. స్పీకరు తయారుచేసినవారు కష్టపడి సరిచేసిన స్వరాల పొందిక అక్కడ చెదిరిపోతుంది. మృదంగం తొప్పి వైపు పలికే నాదం కొంచెం ముద్దగా వినిపిస్తుంటే అందులో ఈ వైరు పాత్ర కూడా ఉండవచ్చు.

అందుకే మందం విషయంలో నేను పాటించే కొలత ఒకటే. పోను రాను కలిపి వైరు నిరోధం స్పీకరు ఓంలలో 5 శాతం దాటకూడదు. ఈ రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ఇదే. 8 ఓంలకు అది 0.4 ఓము. మెత్తటి రాగి వైరుకు ప్రమాణాలు చెప్పే నిరోధాన్ని బట్టి లెక్క కడితే, 1 చదరపు మిల్లీమీటరు వైరు 10 మీటర్ల వరకు, 1.5 అయితే 15 మీటర్ల వరకు, 2.5 అయితే 25 మీటర్ల వరకు, 4 అయితే 40 మీటర్ల వరకు పనికివస్తాయి. 4 ఓంల స్పీకర్లకు ఈ దూరాలన్నీ సగమవుతాయి. మీ 12 మీటర్లకు 1.5 కూడా సరిపోతుంది, నిరోధం 0.32 ఓము వస్తుంది. అయినా 2.5 తీసుకోండి. రేపు 4 ఓంల స్పీకర్లు కొన్నా 0.19 ఓముతో అది హద్దు లోపలే ఉంటుంది, మళ్లీ గోడ వెంట మేకులు పీకవలసిన పని ఉండదు. దుకాణంలో ‘టూ పాయింట్ ఫైవ్ స్క్వేర్’ అంటే చాలు. విదేశీ కేబుళ్ల మీద గేజి అంకెలు ఉంటాయి. అమెరికా గేజిలో 16 అంటే 1.3, 14 అంటే 2.1, 12 అంటే 3.3 చదరపు మిల్లీమీటర్లు. అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది, ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు. కుడి వైపు 4 మీటర్లూ ఎడమ వైపు 12 మీటర్లూ అయినా ఫరవాలేదు. రెంటినీ సమానం చేయాలని కుడి వైపు మిగులు వైరును సోఫా వెనుక చుట్టి పెట్టనక్కరలేదు.

ఇప్పుడు యాంప్లిఫయర్ ఎలా చస్తుందో చెబుతాను, మీ పాతది ఎలా పోయిందో మీకే బోధపడవచ్చు.

కొన్నేళ్ల కిందట ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు తన యాంప్లిఫయర్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చారు. “మాస్టారూ, ఇల్లు సర్ది మళ్లీ వైర్లు తగిలించాను, పాట మొదలయ్యీ కాకముందే ఠప్పున ఆగింది” అన్నారు. వెనుక భాగం ఇంకా విప్పలేదు, భూతద్దం పెట్టి టెర్మినళ్లు చూశాను. ఎరుపు పోస్టు కింద బిగించిన వైరులోంచి ఒక్క పోగు, తల వెంట్రుక మందాన, పక్కనున్న నలుపు పోస్టు అంచు వరకు వంగి వెళ్లి ఉంది. దాని కొస నల్లగా మాడి చిన్న గుండులా ముడుచుకుంది. ఆ పోగు కరిగిపోయేలోగానే లోపల ఒక ఛానెల్‌లో స్పీకరుకు కరెంటు అందించే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు రెండూ పోయాయి. ఫ్యూజు ఆ తరువాత ఎగిరింది. ఇది చాలామంది తెలుసుకోవలసిన వరుస. గాజు ఫ్యూజు తీగ వేడెక్కి కరగడానికి పట్టే సమయంలో ట్రాన్సిస్టర్ లోపలి సిలికాన్ ముక్క చాలాసార్లు ముందే పోతుంది.

కథ అక్కడితో ఆగకపోవచ్చు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ పాడైతే సాధారణంగా లోపల అతుక్కుపోయి నేరు తీగలా మారుతుంది. 100 వాట్ల యాంప్లిఫయర్‌లో సప్లయి వోల్టేజి ధన వైపూ ఋణ వైపూ 45 వోల్టుల దాకా ఉంటుంది. ఆ డీసీ (ఒకే దిశలో ఉండే) వోల్టేజి నేరుగా స్పీకరుకు చేరితే, స్పీకరు లోపలి తీగచుట్ట అయిన కాయిలు అసలు నిరోధం 6 ఓంల దగ్గర ఉంటుంది కనుక, ఏడున్నర ఆంపియర్లు పారుతాయి. 300 వాట్లకు పైగా వేడి ఆపకుండా ఆ చిన్న కాయిలులో పుడుతుంది. బేస్ పలికే వూఫర్ కోను ఒక పక్కకు బిగుసుకుపోయి, కాలిన జిగురు వాసన వస్తుంది. రిలేతో (కరెంటుతో నడిచే స్విచ్చితో) కూడిన డీసీ ప్రొటెక్షన్ ఉన్న యాంప్లిఫయర్లు ఈ దశలో స్పీకరును విడదీసి కాపాడతాయి. పేరున్న కంపెనీల హోమ్ యాంప్లిఫయర్లలో చాలావాటికి షార్టును పసిగట్టే రక్షణ కూడా ఉంటుంది. కానీ హైదరాబాదులోని కోఠి గుజరాతీ గల్లీ వంటి చోట్ల బోర్డులు కొని బిగించుకొనే 5200, 1943 అంకెల ట్రాన్సిస్టర్ల యాంప్లిఫయర్లలో చాలావాటికి ఈ రెండూ ఉండవు. మీ కొత్తది ఏ రకమైనదో చెప్పలేదు కనుక, రక్షణ లేదన్నట్టే వైరు పని చేయమంటాను.

కాబట్టి కొనల పని శ్రద్ధగా చేయండి. తొడుగును 10 మిల్లీమీటర్లు మాత్రమే వలవండి. అంగుళం వలిస్తే బిగించాక రాగి బయటికి కనిపిస్తుంది, ఆ కనిపించే భాగమే ప్రమాదం. బ్లేడుతో గాని పళ్లతో గాని వలవవద్దు, కొన్ని పోగులు సగం తెగి తరువాత విరిగి ఎటో పడతాయి. వైర్ స్ట్రిప్పర్ ఖరీదు పెద్దది కాదు. పోగులన్నిటినీ ఒకే వైపు గట్టిగా మెలిపెట్టి, వేలితో తడిమి విడిపోయిన పోగు ఒక్కటీ లేదని చూసుకోండి. స్క్రూ బిగింపు ఉన్న పోస్టులైతే కొసకు ఫెర్రూల్ అనే సన్నని లోహపు గొట్టాన్ని తొడిగి క్రింపింగ్ పరికరంతో నొక్కడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. పోగులన్నీ గొట్టం లోపల బందీ అయిపోతాయి. చాలామంది కొసకు టంకం పూస్తారు. స్ప్రింగ్ క్లిప్పు టెర్మినళ్లకు అది బాగానే ఉంటుంది గాని, స్క్రూ కింద బిగించేవాటికి వద్దు. టంకం మెత్తని లోహం కనుక ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోయి, ఆరు నెలలకు స్క్రూ దానంతటదే వదులైనట్టవుతుంది. స్ప్రింగ్ క్లిప్పుల్లో మరో జాగ్రత్త కావాలి. 2.5 వైరు కొన్నిటిలో దూరదు. దూరడం లేదని కొన్ని పోగులు కత్తిరించేవారున్నారు. అలా చేయకుండా చివర పిన్ను లగ్గు (సన్నని పిన్ను ఉన్న లోహపు కొస) తొడగండి.

కాకినాడ, విశాఖ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవారు ఏడాదికోసారి కొసను కత్తిరించి కొత్తగా వలిచి బిగించుకోవాలి. బయటపడ్డ రాగి నల్లబడి, ఆపైన పచ్చబడి, పట్టు వదులవుతుంది. పారదర్శకమైన తొడుగు ఉన్న కేబుళ్లలో లోపలి రాగి కూడా కొన్నేళ్లకు ఆకుపచ్చగా మారడం చూస్తాం. లోపలి భాగం అలా కనిపించినా భయపడనక్కరలేదు, కొసలో మాత్రం మెరిసే రాగి ఉండాలి.

వైరు కొసకు బిగించి పోస్టు రంధ్రంలో గుచ్చే బనానా ప్లగ్గులు వాడితే వెనుక వైపు షార్టు అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. కానీ వాటితో మన ఇళ్లలో వేరే ముప్పు ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు కనుక కాస్త ఆగి చెబుతాను. బనానా ప్లగ్గు మందం 4 మిల్లీమీటర్లు. మన గోడ మీది 6 ఆంపియర్ల సాకెట్టు రంధ్రం 5 మిల్లీమీటర్ల పిన్ను కోసం చేసినది. లోపల మూత లేని పాత సాకెట్టులో బనానా ప్లగ్గు సులువుగా దూరిపోతుంది. యాంప్లిఫయర్‌ను దుమ్ము దులపడానికి తీసి, స్పీకరు వైపు అలాగే ఉంచి, ఇవతలి కొసను నేల మీద వదిలేస్తే, ఇంట్లో చిన్నపిల్లలున్నప్పుడు అది ఎక్కడికి వెళుతుందో ఊహించండి. ఐరోపాలో అమ్మే యాంప్లిఫయర్ల పోస్టు రంధ్రాలకు ప్లాస్టిక్ బిరడాలు పెట్టి పంపడానికి కారణం ఇటువంటిదే, అక్కడి రెండు పిన్నుల కరెంటు ప్లగ్గు ఆ రంధ్రాల్లో పట్టేస్తుంది. కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో ఫెర్రూల్ కొసే మేలు. బనానా వాడితీరాలనుకుంటే వైరు తీసేటప్పుడు ముందు స్పీకరు వైపు, తరువాత యాంప్లిఫయర్ వైపు తీసి, వైరును చుట్టి లోపల పెట్టండి.

ఇదే కారణంగా స్పీకరు వైరుకు రెండు పిన్నుల కరెంటు ప్లగ్గు ఎన్నడూ బిగించవద్దు. వెనకటి రోజుల్లో మన ఊళ్ల మైక్‌సెట్ల వారు స్పీకర్ బాక్సులకు ఆ ప్లగ్గులే వాడేవారు, ఇప్పటికీ కొందరు వాడుతున్నారు. పెళ్లిపందిట్లో చీకట్లో బాక్సు ప్లగ్గును కరెంటు బోర్డులో పెట్టినవారి బాక్సులు నేను బాగుచేశాను. వూఫర్ కాగితం కాలిపోయి, కాయిలు తీగ ఊడి బయటికి వేలాడుతూ వచ్చాయి. పెద్ద బాక్సులకు న్యూట్రిక్ కంపెనీ తెచ్చిన స్పీకాన్ కనెక్టరు వాడుక పెరగడానికి ఒక కారణం ఇదే, అది కరెంటు సాకెట్టులో దూరదు, తిప్పితే బిగుస్తుంది, లోహం చేతికి తగలదు.

ఇక హౌస్ వైరు విషయం. మన దేశంలో ఐఎస్ 694 ప్రమాణంతో, ఐఎస్ఐ గుర్తుతో వచ్చే పలు పోగుల రాగి వైరు స్పీకరుకు పూర్తిగా పనికివస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 36, 1.5 వైరులో 22 ఉంటాయి. ఎరుపు ఒకటి, నలుపు ఒకటి తీసుకొని, డ్రిల్లింగ్ మిషనుకు బిగించి నెమ్మదిగా మెలిపెడితే చక్కని జంట తీగ వస్తుంది. దాని తొడుగు కరెంటుకే తట్టుకొనేలా చేసినది కనుక స్పీకరు వోల్టేజికి అవసరాన్ని మించినదే. ఒకే ఒక్క జాగ్రత్త ఏమిటంటే, రేపు ఎలక్ట్రీషియన్ వచ్చి దాన్ని కరెంటు వైరనుకొని బోర్డులోకి కలిపే అవకాశం ఉంది. అందుచేత రెండు కొసల దగ్గరా, గోడలోంచి బయటికి వచ్చే ప్రతి చోటా ‘స్పీకరు’ అని రాసిన స్లీవ్ తొడగండి. మెలిపెట్టడం కష్టమనుకుంటే రెండు తీగల ఫ్లెక్సిబుల్ కేబుల్ తీసుకోవచ్చు. చెవికి తేడా ఉండదు.

ఆక్సిజన్ రహిత రాగి గురించి మీ దుకాణదారు అన్నదానికి ఒక్క మాట చాలు. మామూలు విద్యుత్ రాగికీ దానికీ వాహకతలో తేడా ఒక శాతం దగ్గర ఉంటుంది. పన్నెండు మీటర్ల వైరును పన్నెండు సెంటీమీటర్లు కురచ చేసినా అంత తేడా వస్తుంది. ఆ డబ్బును ఫెర్రూళ్లకూ, ఓంలు కొలిచే మల్టీమీటరుకూ పెట్టండి.

కానీ రాగి రాగే అయి ఉండాలి. ఈ రోజుల్లో ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే లావుపాటి స్పీకర్ కేబుళ్లలో చాలా వరకు అల్యూమినియం పోగుల మీద రాగి పూత వేసినవి. సీసీఏ (కాపర్ క్లాడ్ అల్యూమినియం) అనే మూడు అక్షరాలు ఎక్కడో చిన్నగా ఉంటాయి, కొన్నిటి మీద అవి కూడా ఉండవు. వాటి నిరోధం అదే మందపు రాగికి ఒకటిన్నర రెట్లకు పైన ఉంటుంది. అది యాంప్లిఫయర్‌ను చంపదు గాని, ఆ పోగులు పెళుసు. టెర్మినల్ దగ్గర రెండుసార్లు వంచితే విరుగుతాయి, విరిగిన ముక్క పక్క పోస్టు మీద పడితే ఇందాక చెప్పిన కథే. గుర్తుపట్టడం తేలిక. ఒక పోగును బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. బయట తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూసిన రాగి, అది మంచిదే. లైటరు మంటలో ఒక్క పోగు పెట్టి చూడవచ్చు, అల్యూమినియం వంగి కరిగిపోతుంది, రాగి ఎర్రబడి నిలుస్తుంది. తూకం కూడా చెబుతుంది. 2.5 జంట కేబుల్ 10 మీటర్లలో రాగి ఒక్కటే 450 గ్రాములుండాలి. తొడుగుతో కలిపి కూడా అంత తూగకపోతే అది పూర్తి రాగి కాదు.

మీరు అడగలేదు గాని, వైరు వేసేటప్పుడు చేసే మరో రెండు పొరపాట్లు షార్టుతో సమానంగా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లను తింటాయి. మొదటిది మూడు తీగల పద్ధతి. పాత ఇళ్లలో వైరు ఆదా చేయడానికి రెండు స్పీకర్లకూ కలిపి ఒకే నలుపు తీగ వేసేవారు. ఆనాటి యాంప్లిఫయర్లలో రెండు నలుపు టెర్మినళ్లూ లోపల ఒకే గ్రౌండుకు (సున్నా వోల్టుల తీగకు) కలిసి ఉండేవి కనుక నడిచేది. ఈనాటి చిన్న క్లాస్-డి (ట్రాన్సిస్టర్లను అతివేగంగా స్విచ్చిలా వేసి ఆర్పే రకం) యాంప్లిఫయర్లలో, ఉదాహరణకు టీపీఏ3116 చిప్పుతో వచ్చేవాటిలో, నలుపు టెర్మినల్ గ్రౌండు కాదు. ఎరుపు మీది వోల్టేజి ఎలా ఊగుతుందో దానికి ఎదురుగా దాని మీదిదీ ఊగుతుంది. రెండు నలుపులను కలిపితే రెండు ఛానెళ్లు ఒకదానిలోకి ఒకటి కరెంటు తోస్తాయి. గోడలో పాత వైరింగు ఉంటే, రెండు స్పీకర్ల నలుపు తీగలు ఎక్కడా కలవలేదని మీటరుతో చూసుకోకుండా కొత్త యాంప్లిఫయర్ కలపవద్దు.

రెండోది ఒకే టెర్మినల్‌కు ఎక్కువ స్పీకర్లు. 8 ఓంలవి రెండు పక్కపక్కన కలిపితే 4 ఓంలు, నాలుగు కలిపితే 2 ఓంలు. వెనుక పలక మీద ‘ఏ’ జత స్పీకర్లు గాని ‘బి’ జత గాని అయితే 4 నుంచి 16 ఓంలు, రెండూ కలిపితే 8 నుంచి 16 ఓంలు అని రాసి ఉండటం చూసే ఉంటారు. అది అలంకారానికి రాసినది కాదు. వంటింట్లోకి కూడా పాట వినిపించాలని మరో జత తగిలించి ధ్వని పెంచినవారి యాంప్లిఫయర్ హీట్‌సింకుల (వేడిని బయటికి వదిలే లోహపు పలకల) మీద చేయి ఆనించలేం.

ఖరీదైన కేబుళ్లలో యాంప్లిఫయర్‌కు నిజంగా హాని చేయగల రకం ఒకటుంది. పలు సన్నని తీగలను జడలా అల్లి, ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకొనే గుణం) తగ్గించిన కేబుళ్లకు కెపాసిటెన్స్ (రెండు తీగల మధ్య విద్యుదావేశం నిలిపే గుణం) బాగా పెరిగిపోతుంది. మామూలు జంట తీగకు మీటరుకు 50, 60 పికోఫ్యారడ్లుంటే, వీటిలో కొన్నిటికి వెయ్యి దాటుతుంది. ఔట్‌పుట్‌లో చిన్న కాయిలు లేని కొన్ని యాంప్లిఫయర్లు అంత కెపాసిటెన్స్ చూస్తే చెవికి వినబడని స్వరంలో ఊగడం మొదలుపెడతాయి. పాట ఏమీ లేకుండానే హీట్‌సింకు కాలుతుంటుంది. బ్రిటన్‌కు చెందిన నెయిమ్ కంపెనీ తన యాంప్లిఫయర్లకు ఛానెల్‌కు కనీసం మూడున్నర మీటర్ల కేబుల్ వాడమని చెబుతుంది, కేబుల్ ఇండక్టెన్సునే వారు ఆ కాయిలుకు బదులుగా లెక్కలోకి తీసుకున్నారు. మీరు మామూలు జంట తీగ వేస్తున్నంత వరకు ఈ బెంగ మీకు లేదు. వాల్వు (గాజు గొట్టాల) యాంప్లిఫయర్ ఉన్నవారికి మాత్రం లెక్క కొంచెం తిరగబడుతుంది. అక్కడ షార్టు కన్నా వైరు ఊడిపోవడమే ఎక్కువ ప్రమాదం. భారం లేకుండా ధ్వని పెంచితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య నిప్పురవ్వలు లేచి అది పోతుంది.

వైరు దారి గురించి కూడా చెప్పాలి. గోడలో కరెంటు వైర్లున్న పైపులోనే స్పీకరు వైరునూ దూర్చవద్దు. సన్నని స్పీకరు వైరు తొడుగు 230 వోల్టుల కోసం చేసినది కాదు. లోపల ఎక్కడైనా కరెంటు తీగతో రాసుకొని తొడుగు పోతే, ఆ ఫేజు యాంప్లిఫయర్ దాకా, దాన్ని ముట్టుకొన్నవారి దాకా వస్తుంది. వేరే పైపు వేయండి, లేదా గోడ అడుగున ప్లాస్టిక్ కేసింగ్ పట్టీలో పోనివ్వండి. కరెంటు వైరును దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి. గుమ్మం దగ్గర తలుపు మడత కింద నలిగే చోటు ఉంటే చౌకట్టు పైనుంచి తిప్పండి, ఒక మీటరు ఎక్కువైనా సరే. మేకు క్లిప్పులు కొట్టేటప్పుడు మేకు రెండు తీగల మధ్యగా దిగితే అదే షార్టు, పైకి ఏమీ కనిపించదు. తివాచీ కింద వేయవద్దు. ఎలుకలున్న ఇంట్లో కేసింగ్ తప్పనిసరి.

కలిపే ముందు ఈ పరీక్ష తప్పక చేయండి. యాంప్లిఫయర్ ప్లగ్గు గోడలోంచి తీసేయండి. వైరును స్పీకరు వైపు మాత్రమే బిగించి, ఇవతలి రెండు కొసలకు మల్టీమీటరును 200 ఓంల స్థానంలో పెట్టి తాకించండి. ముందు మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి ఆనించి, వచ్చిన అంకెను గుర్తుంచుకొని తీసివేయండి. 8 ఓంల స్పీకరుకు అయిదున్నర నుంచి ఏడు లోపు రావాలి, 4 ఓంలకు మూడు నుంచి నాలుగు. ఒక ఓముకు లోపు వస్తే ఎక్కడో షార్టు ఉంది, ఏ అంకే రాకపోతే ఎక్కడో తెగింది. అంకె చూస్తూ మీ సహాయకుడిని వైరు పొడవునా అక్కడక్కడ కదిలించమనండి. అంకె ఎగిరిపడితే ఆ చోటే లోపం. ఎరుపు నలుపు తారుమారైతే యాంప్లిఫయర్‌కు ఏమీ కాదు, బేస్ మాత్రం పలచబడుతుంది. ఇవతలి కొసలకు గోడగడియారపు ఒకటిన్నర వోల్టు సెల్లును క్షణకాలం తాకిస్తే, ధన వైపు తాకిన తీగ ఎరుపుదైతే వూఫర్ కోను ముందుకు కదులుతుంది. సెల్లు తాకించేటప్పుడు వైరు యాంప్లిఫయర్‌కు కలిసి ఉండకూడదు.

అంతా సరిగా ఉన్నాక యాంప్లిఫయర్‌కు బిగించి, వెనుక పోస్టుల మధ్య సెల్‌ఫోన్ లైటు వేసి విడి పోగులు లేవని మరోసారి చూసి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి స్విచ్చి వేయండి. పది నిమిషాలు తక్కువ ధ్వనిలో వాయించి హీట్‌సింకు మీద చేయి పెట్టి చూడండి. క్లాస్-ఏబీ అనే మామూలు రకం యాంప్లిఫయర్ కొద్దిగా వెచ్చబడటం సహజమే. తక్కువ ధ్వనిలోనే చేయి ఆనించలేనంత కాలుతుంటే ఆపేసి, ప్లగ్గు తీసి, ఇందాకటి ఓంల పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి. అప్పుడూ అంకెలు సరిగానే వస్తే లోపం వైరులో లేదు కనుక బిల్లు తీసుకొని కొన్న చోటికే వెళ్లండి. మీ పాత యాంప్లిఫయర్‌ను ఇంకా పారేయకపోతే, దాని వెనుక ఎడమ ఛానెల్ పోస్టుల మధ్య ఒకసారి భూతద్దంతో చూసి, ఏం కనిపించిందో నాకు రాయండి.